మూసీ వరదకు మట్టం కట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య

(సెప్టెంబరు 15 ఇంజనీర్ల దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

భారతదేశం గర్వించదగిన ఇంజనీరు, దార్శనికుడు, పరిపాలనాదక్షుడు భారతరత్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాము. కృష్ణరాజసాగర్ నిర్మాతగా, మైసూరు దివానుగా ఆయన పేరు జగద్విదితం. అయితే 1908 నాటి మూసీ వరదల అనంతరం హైదరాబాద్ నగరానికి ఆయన చేసిన సేవ తెలుగు ప్రజలకు మరింత సన్నిహితమైనది. నీరు ఎంత ఎత్తుకు వస్తుందో ముందుగా లెక్కగట్టి, ఆ మట్టానికి అనుగుణంగా నగరం తన హద్దులను నిర్ణయించుకోవాలన్న సూత్రానికి ఆ సేవ ఒక నిదర్శనం. చెరువుల పూర్తి నీటి మట్టం గురించి, నదీ తీరంలో విడిచిపెట్టవలసిన స్థలం గురించి పురపాలక సంఘాలు నిబంధనలు అమలు చేస్తున్న ఈ కాలంలో ఆ మహనీయుని జీవితాన్ని ఈ కోణంలో స్మరించుకోవడం సముచితం.

బాల్యం, విద్యాభ్యాసం

విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15న మైసూరు సంస్థానంలోని చిక్కబళ్లాపురం సమీపాన గల ముద్దెనహళ్లి గ్రామంలో జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మ. వారి పూర్వీకులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం నుండి వలస వెళ్లిన తెలుగువారు. ఆ గ్రామం పేరే వారి ఇంటిపేరుగా నిలిచిపోయింది.

చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయిన విశ్వేశ్వరయ్య బెంగళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ చదువు కొనసాగించారు. 1881లో సెంట్రల్ కళాశాల నుండి పట్టభద్రులయ్యారు. మైసూరు ప్రభుత్వ విద్యార్థి వేతనంతో పూనా సైన్సు కళాశాలలో ఇంజనీరింగు అభ్యసించి, 1883లో ప్రథమ స్థానంలో ఉత్తీర్ణులయ్యారు. మరుసటి సంవత్సరమే బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా ఉద్యోగ జీవితం ప్రారంభించారు.

నీటి మట్టమే ప్రధానాంశం

బొంబాయి ప్రెసిడెన్సీలో దాదాపు పాతికేళ్ల పాటు ఆయన చేసిన పనులలో అధిక భాగం నీటికి సంబంధించినవే. సింధు నదీ తీరాన సుక్కూరు పట్టణానికి 1894-95లో తాగునీటి పథకాన్ని రూపొందించారు. పంటలవారీగా నీటిని వంతుల పద్ధతిలో అందించే బ్లాకు విధానాన్ని దక్కను కాలువల క్రింద ప్రవేశపెట్టారు. 1906లో ఏడెన్ వెళ్లి ఆ ఓడరేవు పట్టణపు నీటి సరఫరా, మురుగు పారుదల సమస్యలను పరిశీలించారు.

ఆయనకు విశేష ఖ్యాతి తెచ్చిన ఆవిష్కరణ పూనా సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయం వద్ద 1903లో అమర్చిన స్వయంచాలక వరద గేట్లు. ఆ జలాశయం నిండిన తరువాత ఏటా వరద నీరు అలుగు మీదుగా పొర్లి వృథాగా పోయేది. నీరు ఎక్కువగా నిలపాలంటే అలుగు ఎత్తు పెంచాలి. అలుగు ఎత్తు పెంచితే వరద సమయంలో నీరు మరింత పైకి లేచి ఆనకట్టకే ముప్పు వాటిల్లుతుంది. ఆనకట్టను ఎత్తు చేయకుండానే విశ్వేశ్వరయ్య ఈ చిక్కును పరిష్కరించారు. మామూలు రోజులలో అలుగు మీద మూసి ఉండి నీటిని నిలబెట్టే గేట్లు, నీరు నిర్ణీత మట్టానికి చేరగానే మనిషి ప్రమేయం లేకుండా తెరుచుకుని వరదను వదిలివేస్తాయి. మట్టం తగ్గగానే తిరిగి మూసుకుంటాయి. దీనివలన సుమారు 8 అడుగుల మేర అదనంగా నీరు నిల్వ చేయడం సాధ్యమైంది. ఇదే తరహా గేట్లను తరువాతి కాలంలో గ్వాలియర్ సంస్థానంలోని టిగ్రా ఆనకట్టకు, కృష్ణరాజసాగర్‌కు కూడా అమర్చారు.

జలాశయానికి రెండు మట్టాలు ఉంటాయన్న సత్యాన్ని ఈ ఆవిష్కరణ స్పష్టం చేసింది. ఒకటి మామూలుగా నీరు నిలిచే పూర్తి నీటి మట్టం. రెండవది భారీ వరద వచ్చినపుడు నీరు చేరే గరిష్ఠ మట్టం. ఈ రెండింటి నడుమ గల అడుగులే కట్టకు, కట్ట దిగువన నివసించే ప్రజలకు రక్షణ. ఈ సూత్రం మూసీ తీరంలో ఆయనకు ఎంతగానో ఉపకరించింది.

1908 సెప్టెంబరు 28

మూసీ నది వికారాబాద్ సమీపంలోని అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాద్ నగరం మధ్యగా ప్రవహిస్తుంది. ఏడాదిలో అధిక భాగం సన్నని ధారగా పారే ఈ నదికి 1908 సెప్టెంబరు చివరి వారంలో కనీవినీ ఎరుగని వరద వచ్చింది. శంషాబాద్‌లో 24 గంటలలో 12.8 అంగుళాలు, 48 గంటలలో 18.9 అంగుళాల వర్షపాతం నమోదయింది. సెప్టెంబరు 28 నాటి ఉదయానికి నది రెండు గట్లను దాటి నగరాన్ని ముంచెత్తింది. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. కుతుబ్‌షాహీల కాలం నాటి పురానాపూల్ మాత్రమే నిలిచింది. సుమారు 15,000 మంది ప్రాణాలు కోల్పోయారని, 19,000 ఇళ్లు నేలమట్టమయ్యాయని, 80,000 మంది నిరాశ్రయులయ్యారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు పైకెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలో ఆ విషాదానికి సాక్షిగా నిలిచింది. నాటి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ బాధితుల కోసం తన భవనాల ద్వారాలు తెరిపించారు.

తక్షణ సహాయంతో పాటు మరో ప్రశ్న ప్రభుత్వం ముందు నిలిచింది. ఇటువంటి వరద మరల వస్తే నగరం ఏమి కావాలి? దీనికి సమాధానం చెప్పగల ఇంజనీరు కోసం నిజాం ప్రభుత్వం అన్వేషించింది. బొంబాయి ప్రభుత్వ కొలువు నుండి స్వచ్ఛందంగా విరమించుకుని విదేశీ పర్యటనలో ఉన్న విశ్వేశ్వరయ్యకు ఆహ్వానం పంపింది. పర్యటన ముగించుకుని ఆయన 1909 ఏప్రిల్‌లో హైదరాబాద్ చేరుకుని బాధ్యతలు స్వీకరించారు.

వరదను కొలిచిన తీరు

విశ్వేశ్వరయ్య వచ్చేనాటికి వరద తీసిపోయి ఆరు నెలలు దాటింది. కంటికి కనబడని ఆ వరదను ఆయన లెక్కలలో తిరిగి నిలబెట్టవలసి వచ్చింది. అందుకోసం సర్వేలు జరిపించి, నది మట్టాలను, ప్రవాహ మార్గాన్ని పరిశీలించారు. పరిసర ప్రాంతాల వర్షపాత వివరాలు సేకరించారు. నగరానికి ఎగువన గల పరీవాహక ప్రాంతాన్ని క్షుణ్ణంగా అధ్యయనం చేశారు.

ఆ అధ్యయనంలో వెల్లడైన అంశాలు నేటికీ ఆలోచింపజేస్తాయి. నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్లు. అందులో 788 చెరువులు ఉన్నాయి. అనగా దాదాపు ప్రతి చదరపు మైలుకూ ఒక చెరువు. వాటిలో 221 చెరువులు ఆ వరదలో తెగిపోయాయి. ఒక చెరువు తెగితే ఆ నీరు క్రింది చెరువు మీద పడుతుంది. దాని అలుగు అంత నీటిని మోయలేక కట్ట తెగుతుంది. ఈ విధంగా వాన నీటికి చెరువుల నీరు కూడా తోడై నదిలో కలిసింది. వరద ఉద్ధృతి గరిష్ఠంగా 4,25,000 క్యూసెక్కులకు చేరిందని విశ్వేశ్వరయ్య లెక్కగట్టారు.

కనుక నగరంలో గట్లు కట్టినంత మాత్రాన సమస్య తీరదని ఆయన నిర్ధారించారు. గట్లు ఎంత ఎత్తు కట్టాలన్నది నదిలోకి ఎంత నీరు వదులుతామన్న దానిపై ఆధారపడి ఉంటుంది. వరదను నగరానికి ఎగువనే ఆపి, నది మోయగలిగిన మేరకే క్రమంగా క్రిందకు వదలాలి. ఈ ఆలోచనతో మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద మరొకటి చొప్పున రెండు జలాశయాలు నిర్మించాలని సిఫారసు చేశారు. నగరం లోపల నది గట్లను ఎత్తు చేసి, వాటి వెంబడి విశాలమైన రహదారులు, ఉద్యానవనాలు ఏర్పాటు చేయాలని సూచించారు. నగరానికి శాస్త్రీయమైన భూగర్భ మురుగు పారుదల వ్యవస్థ ఆవశ్యకతను కూడా వివరించారు. 1909 అక్టోబరు 1న తన నివేదికను సమర్పించారు. ఆరు మాసాల వ్యవధిలో సర్వే, పరిశీలన, రూపకల్పన పూర్తి కావడం ఆయన కార్యదీక్షకు తార్కాణం.

నివేదిక నుండి నిర్మాణానికి

నివేదిక సమర్పించిన అనంతరం 1909 నవంబరులో విశ్వేశ్వరయ్య మైసూరు సంస్థాన చీఫ్ ఇంజనీరుగా వెళ్లారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో ఆయన సిఫారసులు రూపుదిద్దుకున్నాయి. మూసీ మీద గండిపేట వద్ద 1913లో ప్రారంభమైన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. 1912లో ఏర్పాటైన నగరాభివృద్ధి సంస్థ నదీ తీరాన్ని తీర్చిదిద్దే పనులు చేపట్టింది. వరదలో మునిగిన తీరం వెంబడి కాలక్రమంలో హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కళాశాల, ఆసఫియా గ్రంథాలయ భవనాలు వెలిశాయి. ఈ నిర్మాణాలలో హైదరాబాద్ రాజ్య ఇంజనీర్ల కృషి కూడా ఎన్నదగినది. నిజాం ప్రభుత్వ చీఫ్ ఇంజనీరుగా సేవలందించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ జన్మదినమైన జులై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకోవడం ఆ కృషికి లభించిన గుర్తింపు.

ఉస్మాన్‌సాగర్ పూర్తి నీటి మట్టం సముద్ర మట్టానికి 1,790 అడుగులు. హిమాయత్‌సాగర్ మట్టం 1,763.50 అడుగులు. వానాకాలంలో దినపత్రికలలో, రేడియోలో, దూరదర్శన్‌లో వినిపించే ఈ అంకెలు నగర ప్రజలకు సుపరిచితాలు. ఈ జలాశయాలు వరద రక్షణతో పాటు తాగునీటి అవసరాలను కూడా తీర్చాయి. అయితే ఈ రెండు ప్రయోజనాల మధ్య సహజమైన వైరుధ్యం ఉంది. తాగునీటి కోసం జలాశయం నిండుగా ఉండాలి. వరద నుండి రక్షణ కోసం అందులో కొంత ఖాళీ ఉండాలి. నిండిన జలాశయం వచ్చిన వరదను వచ్చినట్లే క్రిందకు వదలవలసి వస్తుంది. కనుక ఏ నెలలో ఏ మట్టం వరకు నీరు నిలపాలన్నది ఏటా జాగరూకతతో తీసుకోవలసిన నిర్ణయం.

చెరువు మట్టం, ఊరి హద్దు

పూర్తి నీటి మట్టం తెలుగు రైతుకు కొత్త విషయం కాదు. చెరువు నిండి అలుగు పారడం మొదలైనపుడు నీరు ఎంత దూరం విస్తరించి ఉంటుందో ఆ హద్దే పూర్తి నీటి మట్టం. వాడుకలో దీనినే ఎఫ్.టి.ఎల్. అంటున్నారు. ఆ హద్దు లోపలి భూములను తెలంగాణ ప్రాంతంలో శిఖం భూములని వ్యవహరిస్తారు. చెరువు తగ్గిన కాలంలో అక్కడ పంట వేసుకున్నా, ఇల్లు కట్టుకోవడం మాత్రం ఉండేది కాదు.

నగరాలు విస్తరించిన తరువాత ఈ హద్దును కాగితం మీద నిర్ణయించవలసి వచ్చింది. 2012 ఏప్రిల్ 7న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జి.ఓ. 168 ద్వారా జారీ చేసిన భవన నిర్మాణ నిబంధనలు ఇందుకు స్పష్టమైన కొలతలు ఇచ్చాయి. నదీ తీరంలో పురపాలక పరిధి లోపల 50 మీటర్లు, వెలుపల 100 మీటర్ల మేర నిర్మాణాలు చేపట్టరాదు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు పూర్తి నీటి మట్టం హద్దు నుండి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు 9 మీటర్లు విడిచిపెట్టాలి. 10 మీటర్లకు మించిన వెడల్పు గల వాగులు, నాలాల వెంబడి 9 మీటర్లు, అంతకు లోపు వాటికి 2 మీటర్లు వదలాలి. నీటిపారుదల, రెవెన్యూ శాఖలు హద్దును ధ్రువీకరిస్తే, స్థానిక సంస్థ ఆ హద్దు ప్రకారం భవన నిర్మాణ అనుమతులను పరిశీలిస్తుంది.

ఇక్కడ గమనించవలసిన ముఖ్య విషయం ఒకటుంది. ఈ నిబంధనలు మీటర్ల దూరాన్ని చెబుతాయి. వరద మాత్రం ఎత్తును అనుసరించి వస్తుంది. అలుగు మీదుగా నీరు పారుతున్నపుడు చెరువు నీరు పూర్తి నీటి మట్టం కంటే పైన ఉంటుంది. నేల ఏటవాలుగా ఉన్నచోట 30 మీటర్ల దూరం ఇంటికి తగినంత ఎత్తు ఇవ్వవచ్చు. నేల చదునుగా ఉన్నచోట అదే 30 మీటర్లు జానెడు ఎత్తు కూడా ఇవ్వకపోవచ్చు. కాబట్టి నిబంధనల మేరకు స్థలం విడిచిపెట్టడంతో పాటు ఇంటి పునాది మట్టం, వీధి మట్టం, సమీపంలోని నాలా మట్టం పోల్చి చూడవలసిన అవసరం ఉంది. విశ్వేశ్వరయ్య వరదను అడుగులలో, క్యూసెక్కులలో లెక్కించి ఆ పైన హద్దు గురించి ఆలోచించడంలోని అంతరార్థం ఇదే.

జాతీయ స్థాయిలో కూడా ఈ దిశగా ఆలోచన జరిగింది. వరద మైదానాల మండలీకరణకు సంబంధించి 1975లో కేంద్ర ప్రభుత్వం నమూనా బిల్లును రూపొందించి రాష్ట్రాలకు పంపింది. మణిపూర్, రాజస్థాన్, ఉత్తరాఖండ్ వంటి కొన్ని రాష్ట్రాలు మాత్రమే చట్టాలు చేశాయి. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఆసుపత్రులు, విద్యుత్ కేంద్రాలు, నీటి సరఫరా వంటి అత్యవసర వ్యవస్థలు నూరేళ్ల వరద మట్టానికి ఎగువన ఉండాలి. ప్రభుత్వ కార్యాలయాలు, విద్యాసంస్థలు, నివాస గృహాలు పాతికేళ్ల వరద మట్టానికి ఎగువన ఉండాలి. తరచుగా మునిగే పల్లపు భూములను ఉద్యానవనాలకు, ఆటస్థలాలకు వదలాలి. నూరేళ్ల వరద అంటే నూరేళ్లకు ఒక్కసారే వచ్చేదని అర్థం కాదు. ఏ ఏడాదైనా రావడానికి నూటికి ఒక వంతు అవకాశం గలదని అర్థం. నది ఒడ్డున తోటలు, బాటలు ఉండాలని 1909లోనే విశ్వేశ్వరయ్య సూచించిన విషయం ఈ సందర్భంగా గమనార్హం.

హెచ్చరికలు

జంట జలాశయాల పరిరక్షణ కోసం 1996 మార్చి 8న జారీ అయిన జి.ఓ. 111, పూర్తి నీటి మట్టం నుండి 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలను, భారీ నిర్మాణాలను నియంత్రించింది. తాగునీటి స్వచ్ఛత దీని ప్రధాన లక్ష్యం కాగా, పరీవాహక ప్రాంతం కాంక్రీటుమయం కాకుండా కాపాడడం వలన వరద తీవ్రతను తగ్గించేందుకు కూడా దోహదపడింది. ఈ నియంత్రణలను సవరిస్తూ 2022 ఏప్రిల్‌లో జి.ఓ. 69 వెలువడింది.

2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్కరోజులో సుమారు 24 సెంటీమీటర్ల వర్షం కురిసి పల్లపు ప్రాంతాలు జలమయమయ్యాయి. నాలాలు కుంచించుకుపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం. 2020 అక్టోబరులో చెరువులు పొంగి, కాలనీలు రోజుల తరబడి నీట మునిగాయి. 2025 సెప్టెంబరు చివరలో జంట జలాశయాల గేట్లు ఎత్తగా మూసీ ఉప్పొంగి, నదీ గర్భాన్ని ఆనుకుని ఉన్న మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీరు ప్రవేశించింది. ప్రయాణికులను సురక్షిత ప్రాంతాలకు తరలించవలసి వచ్చింది. 1908 వరద వచ్చినది కూడా అదే మాసపు చివరి వారంలోనే కావడం గమనార్హం.

నిర్విరామ కృషీవలుడు

మైసూరులో చీఫ్ ఇంజనీరుగా కృష్ణరాజసాగర్ నిర్మాణానికి శ్రీకారం చుట్టిన విశ్వేశ్వరయ్య, 1912 నుండి 1918 వరకు దివానుగా సేవలందించారు. మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయం వంటి సంస్థల స్థాపనకు కారకులయ్యారు. 1915లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను సర్ బిరుదుతో గౌరవించింది. హైదరాబాద్‌తో అనుబంధాన్ని ఆయన విడువలేదు. తరువాతి కాలంలోనూ వచ్చి మురుగు పారుదల, నగరాభివృద్ధి పనులపై సలహాలు అందించారు.

ఒడిశాను వరదలు పీడిస్తున్న తరుణంలో, 1937లో డెబ్బై అయిదేళ్లు పైబడిన వయసులో ఆయన మహానది సమస్యను పరిశీలించారు. అక్కడ కూడా పరీవాహక ప్రాంతాన్ని సమగ్రంగా పరిశోధించి, జలాశయాల నిర్మాణాన్ని పరిశీలించాలని సూచించారు. స్వాతంత్ర్యానంతరం నిర్మితమైన హీరాకుడ్‌కు ఈ ఆలోచన పూర్వరంగమైంది. 1951లో తన ఉద్యోగ జీవిత స్మృతులను ఆంగ్లంలో గ్రంథంగా వెలువరించారు. 1955లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్న పురస్కారంతో సత్కరించింది. నూరేళ్ల నిండు జీవితం గడిపి 1962 ఏప్రిల్‌లో ఆయన పరమపదించారు.

నిజమైన నివాళి

వాన లేని సంవత్సరాలలో శిఖం భూమి ఇతర భూముల వలెనే కనిపిస్తుంది. జీవితకాలపు పొదుపు వెచ్చించి అక్కడ స్థలం కొనుగోలు చేసిన కుటుంబానికి ఆ సంగతి చెరువు నిండిన రోజున గాని తెలియదు. హద్దు చూడకుండా ఇచ్చిన అనుమతి, హద్దు తెలిసి కూడా చేసిన అమ్మకం ఆ కుటుంబానికి తీరని నష్టం కలిగిస్తాయి. కావున స్థలం కొనే ముందు చెరువు పూర్తి నీటి మట్టం పటాన్ని, నాలా హద్దులను సంబంధిత కార్యాలయాలలో సరిచూసుకోవడం ప్రతి ఒక్కరి బాధ్యత. మట్టాలను సర్వే చేసి, పటాలను ప్రజలకు అందుబాటులో ఉంచి, వాటిని నిష్పక్షపాతంగా అమలు చేయడం స్థానిక సంస్థల బాధ్యత.

వరద తీసిన ఆరు నెలలకు వచ్చి, అది ఎంత ఎత్తు లేచిందో లెక్కగట్టి చెప్పిన ఇంజనీరు విశ్వేశ్వరయ్య. ఆ లెక్కను మరువకుండా నిలబెట్టుకోవడమే ఆ మహనీయునికి మనం అర్పించగల నిజమైన నివాళి.